ఆరో వేలు

తెలంగాణ పటంలో ఆనుకుని ఉన్న రెండు జిల్లాలకు ఇద్దరు పాలకుల పేర్లున్నాయి. వికారాబాద్ పేరు పాయిగా నవాబు వికారుల్ ఉమ్రా నుంచి వచ్చింది. ఫలక్‌నుమా కట్టించిన ఆ నవాబు 1893 నుంచి 1901 దాకా నిజాం రాజ్యానికి దివాన్. రంగారెడ్డి పేరు కొండా వెంకట రంగారెడ్డిది. మొయినాబాద్ దగ్గరి పెద్దమంగళారంలో 1890లో పుట్టిన ఆయన దామోదరం సంజీవయ్య మంత్రివర్గంలో ఉప ముఖ్యమంత్రిగా చేశారు. 1978 ఆగస్టు 15న ఆ జిల్లా ఏర్పడినప్పుడు ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డి. మర్పల్లి వైపు సిర్పురంలో పుట్టిన చెన్నారెడ్డికి రంగారెడ్డి మేనమామ. అలా మేనల్లుడి హయాంలో మేనమామ పేరు జిల్లాకెక్కింది. ఒక జిల్లాకు మొదటి కుర్చీలో కూర్చున్న మనిషి పేరు, పక్క జిల్లాకు రెండో కుర్చీలో కూర్చున్న మనిషి పేరు. ఈ రెండు కుర్చీల మధ్య దారి ఉందనీ, రెండోదాంట్లో కూర్చున్నవాళ్లు ఏదో ఒకరోజు మొదటిదాంట్లోకి జరుగుతారనీ మనలో చాలామంది అనుకుంటాం. వికారాబాద్, తాండూరు ప్రాంతపు రాజకీయ చరిత్ర చూస్తే ఆ నమ్మకానికి పెద్దగా ఆధారం దొరకదు. మన దగ్గర ‘ఉప’ అన్న మాట వాటా పంచడానికి పుట్టింది. దాన్ని వారసత్వం అనుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు నష్టపోయారు.

ఈ తేడా నిజాం కాలం నుంచీ ఉన్నదే. హైదరాబాద్ దర్బారులో దివాన్ కింద పేష్కార్ ఉండేవారు. లెక్కలు, కాగితాలు అన్నీ ఆయన చేతుల మీదుగానే నడిచేవి. చందూలాల్ వంశంలో ఆ పదవి తరతరాలుగా వచ్చింది. 1883 ఫిబ్రవరిలో దివాన్ మొదటి సాలార్‌జంగ్ చనిపోయినప్పుడు పేష్కార్‌గా ఉన్నది రాజా నరేంద్ర ప్రసాద్. కొన్నాళ్లు పాలన భారం ఆయన మీద కూడా పడింది. కానీ 1884లో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు పూర్తి అధికారాలు రాగానే దివాన్‌గిరీ దక్కింది సాలార్‌జంగ్ కొడుక్కి. తర్వాత 1887లో ఆస్మాన్‌జా, ఆయన తర్వాత వికారుల్ ఉమ్రా. ఇద్దరూ పాయిగా వంశస్థులే. పేష్కార్ వంశానికి దివాన్‌గిరీ మళ్లీ అందింది 1901లో, మహారాజా కిషన్ పర్షాద్‌కి. అంటే పేష్కార్ దివాన్ కావచ్చు, కానీ పేష్కార్ అయినందుకు మాత్రం కాడు. నిజాం మెచ్చితే అవుతాడు. పదవికీ పదవికీ మధ్య ఉన్నది ఒక మనిషి ఇష్టం, అంతే. నిజాం పోయి ప్రజాస్వామ్యం వచ్చాక ఆ ఇష్టం ఎవరి చేతికి మారిందన్నదే ఇక్కడి నుంచి చూడాల్సిన సంగతి.

1956 నవంబరు 1 ఉదయానికి తాండూరు చిరునామా మారింది. అప్పటిదాకా అది గుల్బర్గా జిల్లాలో ఒక తాలూకా. కొడంగల్ కూడా అంతే. రాష్ట్రాల పునర్విభజనలో గుల్బర్గా మైసూరు వైపు వెళ్తే ఈ రెండు తాలూకాలు మాత్రం ఇటు ఆంధ్రప్రదేశ్‌కి వచ్చాయి. అలా వచ్చిన ప్రాంతానికి ఒక హామీ ముందే రాసి ఉంది. ఆ ఏడాది ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం అది. సంతకాలు ఎనిమిది. ఆంధ్ర వైపు నుంచి బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. తెలంగాణ వైపు నుంచి బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు. మంత్రివర్గం అరవై, నలభై పాళ్లలో ఉండాలి. ముఖ్యమంత్రి ఆంధ్ర నుంచి వస్తే ఉప ముఖ్యమంత్రి తెలంగాణ నుంచి రావాలి, తెలంగాణ నుంచి వస్తే ఆంధ్ర నుంచి. ఈ షరతును ఒకటికి రెండుసార్లు చదవాలి. ఉప ముఖ్యమంత్రి ముఖ్యమంత్రి అయిన మరుక్షణం రెండో కుర్చీ అవతలి ప్రాంతానికి పోవాలి. అంటే ఆ షరతు రాసినవాళ్ల మనసులో ఉన్నది నిచ్చెన కాదు, తక్కెడ. కందుల మార్కెట్ ఉన్న తాండూరు వాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. తక్కెడలో ఒక సిబ్బి రెండో సిబ్బి స్థానంలోకి ఎప్పుడూ వెళ్లదు, ఎదురుగా వేలాడటమే దాని పని. ఆ తక్కెడను పట్టుకునే చెయ్యి ఎవరిదో మాత్రం ఒప్పందం చెప్పలేదు. రాష్ట్రాల పునర్విభజన చట్టంలో ఉప ముఖ్యమంత్రి మాట లేదు, రాజ్యాంగంలోనూ లేదు.

ఫలితం మొదటి రోజే తెలిసింది. ఒప్పందం మీద సంతకం చేసిన సంజీవరెడ్డే కొత్త రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. ఉప ముఖ్యమంత్రిని పెట్టుకోలేదు. ఆ పదవి చేతికి ఆరో వేలు లాంటిదన్నారు. ఆరో వేలు ఉన్నా పని పెరగదు, లేకపోయినా పని ఆగదు. తెలంగాణలో ఆ మాట ఇప్పటికీ మరచిపోలేదు. ఎందుకంటే అది ఎకసెక్కమే అయినా రాజ్యాంగపరంగా పూర్తిగా నిజం. 1960లో సంజీవయ్య వచ్చాక రంగారెడ్డికి ఆ కుర్చీ దక్కింది. 1962లో సంజీవరెడ్డి తిరిగి వచ్చేసరికి కుర్చీ మళ్లీ మాయమైంది. ఒక పదవి ముఖ్యమంత్రి మారగానే పుట్టి, ముఖ్యమంత్రి మారగానే పోతోందంటే దాన్ని పదవి అనడం కూడా మొహమాటమే. అసలు ఎదురు ప్రశ్న వేయాల్సిన చోటు ఇదే: ఆ రెండేళ్లయినా తెలంగాణకు అది పనికి రాలేదా? వచ్చింది. మంత్రివర్గంలో ఒక సీనియర్ గొంతు ఉండటం, అధికార క్రమంలో రెండో పేరు తమ ప్రాంతానిదిగా కనబడటం చిన్న విషయం కాదు. వాటాగా దాని విలువ వాటాకుంది. అయితే ఇచ్చినవాళ్లు వెనక్కి తీసుకోగలిగిన వాటా అది. తీసుకున్నారు కూడా.

దీనికంటే గట్టి అభ్యంతరం ఒకటుంది. సంజీవరెడ్డి తాను ముఖ్యమంత్రి కాకముందు ఏమిటి? ఉప ముఖ్యమంత్రే. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి, సంజీవరెడ్డి ఉప ముఖ్యమంత్రి. 1955 ఎన్నికల తర్వాత గోపాలరెడ్డి ముఖ్యమంత్రి, సంజీవరెడ్డి మళ్లీ ఉప ముఖ్యమంత్రి. ఆ తర్వాత ఆయనే మొదటి కుర్చీ ఎక్కారు. మరి నిచ్చెన లేదంటే ఎలా? దగ్గరగా చూస్తే ఈ ఉదాహరణ కూడా వాటా కథే. ప్రకాశం వెనక కాంగ్రెస్ బలం ఉంది కానీ ఆయన కాంగ్రెస్ మనిషి కాదు, కోస్తా మనిషి. అందుకే కాంగ్రెస్ నుంచి, రాయలసీమ నుంచి ఒకరిని పక్కన కూర్చోబెట్టారు. 1954 నవంబరులో మద్యనిషేధం గొడవలో ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయినప్పుడు పగ్గాలు ఉప ముఖ్యమంత్రికి వెళ్లలేదు. రాష్ట్రపతి పాలన వచ్చింది. ఎన్నికలయ్యాక ముఖ్యమంత్రి అయింది గోపాలరెడ్డి. 1956లో సంజీవరెడ్డికి కుర్చీ దక్కింది శాసనసభా పక్షం నాయకుడిగా ఎన్నికైనందుకు. ఉప ముఖ్యమంత్రిగా ఉండటం ఆయనకు పలుకుబడి ఇచ్చి ఉండవచ్చు, హక్కు ఇవ్వలేదు. ఇంకో మాట. రెండో కుర్చీలో కూర్చున్న మనిషి మొదటి కుర్చీకి ఎంత ఇబ్బంది కాగలడో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆరో వేలు అన్నది అనుభవంతోనేనని నా అనుమానం. ఆయన తర్వాత నేటిదాకా ఉభయ రాష్ట్రాల్లో ఉప ముఖ్యమంత్రి కుర్చీ నుంచి ముఖ్యమంత్రి కుర్చీకి జరిగినవాళ్లు ఒక్కరూ లేరు.

ఢిల్లీలో అలా కాదు కదా అని ఎవరైనా అడగవచ్చు. అడగాలి కూడా. ఉపరాష్ట్రపతి పదవి రాజ్యాంగంలో రాసి ఉంది, ఎన్నిక పద్ధతి రాసి ఉంది, రాష్ట్రపతి లేనప్పుడు ఏం చేయాలో రాసి ఉంది. ఓటర్లు పార్లమెంటు ఉభయ సభల సభ్యులు మాత్రమే, నామినేటెడ్ సభ్యులతో సహా. తాండూరు ఎమ్మెల్యేకి రాష్ట్రపతి ఎన్నికలో ఓటుంది, 2022లో ఆ ఓటు విలువ 132. ఉపరాష్ట్రపతి ఎన్నికలో మాత్రం ఆయనకు ఏ ఓటూ లేదు. ఉపరాష్ట్రపతి రోజువారీ పని రాజ్యసభను నడపడమే కాబట్టి రాష్ట్రాల శాసనసభ్యులకు అందులో పాత్ర అక్కర్లేదన్నది రాజ్యాంగ సభలో అంబేద్కర్ ఇచ్చిన వివరణ. మొదట్లో రెండు సభలూ ఒకచోట కూర్చుని ఎన్నుకోవాలని ఉండేది, 1961లో పదకొండో సవరణతో ఆ సంయుక్త సమావేశం తీసేశారు. అభ్యర్థిని ఇరవై మంది ప్రతిపాదించాలి, ఇంకో ఇరవై మంది బలపరచాలి. ఓటరు ఎన్నికల సంఘం ఇచ్చిన పెన్నుతోనే, పేరు ఎదురుగా ఒకటి అని అంకె వేయాలి, తర్వాత ఇష్టమైతే రెండు. సొంత పెన్ను వాడినా, అంకెకు బదులు టిక్కు పెట్టినా ఓటు పోయినట్టే. రహస్య ఓటు, పార్టీలు విప్ ఇవ్వడానికి లేదు. ఇంత పకడ్బందీగా ఎన్నుకున్న మనిషికైనా రాజ్యాంగం ఇచ్చింది తాత్కాలిక కాపలాయే. రాష్ట్రపతి కుర్చీ ఖాళీ అయితే ఆరు నెలల లోపు కొత్త ఎన్నిక జరగాలి, అప్పటిదాకా ఉపరాష్ట్రపతి ఆ పని చూస్తారు. అమెరికాలో 1841లో జాన్ టైలర్ నాటి నుంచీ అధ్యక్షుడు చనిపోతే ఉపాధ్యక్షుడు మిగిలిన కాలమంతా అధ్యక్షుడే. మన ఉపరాష్ట్రపతికి ఆ యోగం లేదు.

1969 వేసవిలో ఈ రెండు కథలూ ఒక్కసారే నడిచాయి. మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ చనిపోయారు. ఆయన పుట్టింది హైదరాబాద్‌లోనే. ఉపరాష్ట్రపతి వి.వి. గిరి ఆ రోజే బాధ్యతలు తీసుకున్నారు. ఉపరాష్ట్రపతి కూడా లేకపోతే ఏమిటన్నది అప్పటిదాకా ఖాళీగా ఉన్న గడి. ఆ నెలలోనే పార్లమెంటు చట్టం చేసి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పేరు అందులో రాసింది. రెండు నెలలు తిరక్కుండానే అవసరం పడింది. గిరి రాష్ట్రపతి ఎన్నికలో స్వతంత్రుడిగా నిలబడటానికి జులై 20న రాజీనామా చేశారు. రెండు కుర్చీలూ ఖాళీ కావడంతో జస్టిస్ హిదాయతుల్లా ఆగస్టు 24 దాకా రాష్ట్రపతి విధులు చూశారు. ఆ ఎన్నికలో గిరి చేతిలో ఓడిన కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి ఎవరనుకున్నారు? నీలం సంజీవరెడ్డి. రెండో కుర్చీ ఆరో వేలన్న పెద్దమనిషి రెండో కుర్చీ నుంచి లేచి వచ్చిన మనిషి చేతిలో ఓడిపోయారు. అయితే గిరి కూడా ఉపరాష్ట్రపతి కాబట్టి రాష్ట్రపతి కాలేదు. ఆ పదవి వదులుకుని, ఓట్లు లెక్కపెట్టించుకుని అయ్యారు, అదీ రెండో ప్రాధాన్య ఓట్లతో బయటపడి. సంజీవరెడ్డి వంతు 1977లో వచ్చింది. ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ పదవిలో ఉండగా చనిపోతే ఉపరాష్ట్రపతి బి.డి. జత్తి ఫిబ్రవరి నుంచి జులై దాకా కాపలా కాశారు. ఆ తర్వాత పోటీ లేకుండా రాష్ట్రపతి అయింది సంజీవరెడ్డి.

అదే వేసవిలో ఇక్కడ తాండూరు మాజీ ఎమ్మెల్యే జైలుకు వెళ్లారు. చెన్నారెడ్డి 1962లోనూ 1967లోనూ తాండూరు నుంచే గెలిచారు. రెండో గెలుపు మీద ప్రత్యర్థి వందేమాతరం రామచంద్రరావు కోర్టుకెళ్లారు. ఎన్నికల అక్రమాలు రుజువయ్యాయని హైకోర్టు ఎన్నిక రద్దు చేసింది, 1968లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే నిలబెట్టింది. ఆరేళ్లు పోటీకి అనర్హత, చేతిలో ఉన్న కేంద్ర ఉక్కు శాఖ కూడా పోయింది. 1969 మేలో ప్రత్యేక తెలంగాణ కోసం పోరాడుతున్న తెలంగాణ ప్రజాసమితి పగ్గాలు పట్టింది ఈ చెన్నారెడ్డే. ఆయన ఉద్యమంలోకి వచ్చింది పదవి పోయినందుకేనని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. అందులో నిజం పాలు ఉండవచ్చు. కానీ ఒప్పందం అమలు కాలేదన్న ఫిర్యాదు ఆయన పుట్టించింది కాదు, అందులో ఉప ముఖ్యమంత్రి కుర్చీ ఒక్కటే లెక్క కాదు, ఉద్యోగాలు, మిగులు నిధులు దానికంటే పెద్దవి. 1971 మార్చిలో సమితికి పద్నాలుగింట పది లోక్‌సభ స్థానాలు రావడంతో ఢిల్లీ దిగి వచ్చింది. సమితి కాంగ్రెస్‌లో కలిసింది, ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి దిగిపోయారు, తెలంగాణ మనిషికి ముఖ్యమంత్రి పదవి ఖాయమైంది. అప్పటికే బ్రహ్మానందరెడ్డి మంత్రివర్గంలో ఉప ముఖ్యమంత్రిగా చేసిన తెలంగాణ నాయకుడు జె.వి. నర్సింగరావు ఉన్నారు, 1956 సంతకాల్లో ఆయనదీ ఒకటి. ‘ఉప’ అన్నది వారసత్వమే అయితే ఆ రోజు కుర్చీ ఆయనది కావాలి. సెప్టెంబరు 30న ప్రమాణం చేసింది పి.వి. నరసింహారావు. ఆంధ్ర వైపు నుంచి ఉప ముఖ్యమంత్రి అయిన బి.వి. సుబ్బారెడ్డి మరుసటి ఏడాది జై ఆంధ్ర ఉద్యమంలోకి వెళ్లిపోయారు. తక్కెడ రెండో సిబ్బి కూడా తెగింది.

చెన్నారెడ్డి మాత్రం ఎప్పుడూ ఉప ముఖ్యమంత్రి కాలేదు. రెండుసార్లు ముఖ్యమంత్రి అయ్యారు, రెండుసార్లూ మధ్యలోనే దిగారు. 1980 అక్టోబరులో ఆయన స్థానంలో వచ్చిన టి. అంజయ్య అప్పటికి రాష్ట్ర శాసనసభ్యుడే కాదు, కేంద్రంలో మంత్రి. 1990 డిసెంబరులో నేదురుమల్లి జనార్దనరెడ్డి వచ్చారు. ఆ రోజుల్లో పుట్టిన మాటే సీల్డ్ కవర్ ముఖ్యమంత్రి, అంటే ఢిల్లీ అధిష్ఠానం పంపిన కవరులో పేరున్న మనిషి. నిజాం ఇష్టం ఎవరి చేతికి వెళ్లిందన్న ప్రశ్నకు జవాబు ఆ కవరులో ఉంది. తెలుగుదేశంలో అధిష్ఠానం ఇంట్లోనే ఉన్నా రెండో స్థానం భయం తగ్గలేదు. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను దించి 31 రోజులు ముఖ్యమంత్రిగా ఉన్న నాదెండ్ల భాస్కరరావు ఆర్థికమంత్రి. 1995లో ఎన్టీఆర్‌ను మళ్లీ దించిన చంద్రబాబు చేతిలో అప్పటికి ఉన్నవి ఆర్థిక, రెవెన్యూ శాఖలు. 2009 సెప్టెంబరు 2న వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోతే మర్నాడు ప్రమాణం చేసిన రోశయ్య కూడా ఆర్థికమంత్రే. మొదటి కుర్చీకి దగ్గర దారి ఉప ముఖ్యమంత్రి గదిలోంచి కాదు, ఖజానా గదిలోంచి ఉన్నట్టుంది. ఇది సూత్రమని అనను, అంజయ్య, పి.వి. ఆ దారిన రాలేదు.

పార్లమెంటరీ పద్ధతిలో వారసత్వ వరుస అసలు అక్కర్లేదు కదా, మెజారిటీ పక్షం కొత్త నాయకుణ్ని ఎన్నుకుంటుంది, గవర్నర్ పిలుస్తారు, ఇంతకంటే ఏం కావాలి అని ఇంకో అభ్యంతరం. సిద్ధాంతంగా ఇది సరైనదే. రాజ్యాంగం 164వ అధికరణంలో ముఖ్యమంత్రి, మంత్రులు తప్ప మూడో మాట లేదు. మూడో షెడ్యూలులో ఉన్న ప్రమాణ పత్రంలోనూ ‘మంత్రి’ అన్న ఒక్క మాటే. 1989లో దేవీలాల్ ప్రమాణం చేస్తూ ఉప ప్రధానమంత్రి అని చదివితే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ మాట వర్ణన మాత్రమే, చట్టం కళ్లకు ఆయన మంత్రేనని కోర్టు తేల్చింది. 2024 ఫిబ్రవరిలో ఉప ముఖ్యమంత్రుల పదవులు చెల్లవన్న పిటిషన్‌ను కొట్టేస్తూ కూడా అదే ధోరణిలో మాట్లాడింది: ఉప ముఖ్యమంత్రి అన్నది పిలుపు, ప్రత్యేక హోదా కాదు. నా అభ్యంతరం రాజ్యాంగం మీద కాదు. 1956లో తెలంగాణ పెద్దలు నలుగురూ బేరమాడి తెచ్చుకున్నది ఏ చట్టానికీ తెలియని పిలుపును. వాళ్లలో లాయర్లున్నారు, మంత్రులు చేసినవాళ్లున్నారు. మొదటి కుర్చీ ఖాళీ అయితే ఎవరన్నది అటుంచి, రెండో కుర్చీ వేయకపోతే ఎవరిని అడగాలన్నది కూడా వాళ్లు రాయించుకోలేదు.

ఖాళీ కుర్చీ ప్రశ్న చెన్నారెడ్డిని చివరిదాకా వదల్లేదు. 1996 డిసెంబరు 2న ఆయన తమిళనాడు గవర్నర్‌గా ఉండగానే చనిపోయారు. ఉపగవర్నర్ అనే పదవి మన రాష్ట్రాల్లో లేదు. పక్క రాష్ట్రమైన ఆంధ్రప్రదేశ్ గవర్నర్ కృష్ణకాంత్‌కు అదనపు బాధ్యత అప్పగించారు. మరుసటి ఏడాది కృష్ణకాంత్ ఉపరాష్ట్రపతి అయ్యారు, 2002 జులైలో ఆయన కూడా పదవిలో ఉండగానే చనిపోయారు. ఉపరాష్ట్రపతి పోతే ఆ కుర్చీకి మాత్రం తాత్కాలిక ఉపరాష్ట్రపతి లేరు, రాజ్యసభను డిప్యూటీ చైర్మన్ నడుపుతారు, అంతే. 2025 జులై 21న జగదీప్ ధన్‌ఖడ్ రాజీనామా చేసినప్పుడూ ఇదే జరిగింది. ఆ ఖాళీకి సెప్టెంబరు 9న జరిగిన ఎన్నికలో సి.పి. రాధాకృష్ణన్‌కు 452 ఓట్లు, ప్రతిపక్షాల అభ్యర్థి జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డికి 300 వచ్చాయి. 15 ఓట్లు చెల్లలేదు. సుదర్శన్‌రెడ్డి సొంతూరు కందుకూరు మండలం ఆకుల మైలారం. అది రంగారెడ్డి జిల్లా.

ఇప్పటి ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి కొడంగల్ ఎమ్మెల్యే, స్పీకర్ గడ్డం ప్రసాద్‌కుమార్ వికారాబాద్ ఎమ్మెల్యే. ఉప ముఖ్యమంత్రి భట్టి విక్రమార్క మధిర నుంచి వచ్చినవారు, ఆర్థిక శాఖ కూడా ఆయన దగ్గరే ఉంది. 2016 అక్టోబరు 11న రంగారెడ్డి జిల్లాను విడదీసి వికారాబాద్ జిల్లా చేశారు. తాండూరు ఇటు వచ్చింది, కొడంగల్ పాత మహబూబ్‌నగర్ నుంచి వచ్చి చేరింది. మేనల్లుడి ఊరు సిర్పురం దివాన్ పేరున్న జిల్లాలోకి వెళ్లింది. మేనమామ ఊరు పెద్దమంగళారం మాత్రం ఉప ముఖ్యమంత్రి పేరున్న జిల్లాలోనే ఉండిపోయింది.